ఛత్తా బజారులో ఒక పాత ప్రెస్సు

నిఖా తేదీ ఖాయమయ్యిందంటే హైదరాబాదు కుటుంబాలు వెళ్ళే చోట్లలో పాతబస్తీలోని ఛత్తా బజారు ఒకటి. ఇరుకు వీధి నిండా రుఖాలు అచ్చువేసే దుకాణాలే. అక్కడ ఇంకా ట్రెడిల్ మిషను నడుస్తున్న ఒక ప్రెస్సును ఇటీవల చూసి వచ్చాము.

ఒకప్పుడు కాలితో తొక్కిన మిషనుకు ఇప్పుడు మోటారు బిగించారు. చక్రం తిరుగుతుంటే దవడల్లా తెరుచుకునే రెండు పలకల మధ్య పనివాడు ఒక చేత్తో కార్డు పెట్టి, రెండో చేత్తో అచ్చయినది తీస్తున్నాడు. ఏమరితే వేళ్ళు నలిగిపోతాయి. రుఖాలోని మాటలన్నీ ఇప్పుడు ఆఫ్‌సెట్‌లోనే పడతాయి. ఈ మిషను మీద బంగారు రేకు అద్దకం, మడత గీతలు, నంబర్లు మాత్రం వేస్తున్నారు. గోడవారన చెక్క కేసుల గళ్ళలో సీసపు అక్షరాలు దుమ్ము పట్టి ఉన్నాయి.

ఉర్దూకు ఆ సీసం పెద్దగా అచ్చిరాలేదు. నస్తాలీఖ్ లిపిలో పక్క అక్షరాన్నిబట్టి అక్షరం రూపు మారుతుంది, మాట ఏటవాలుగా కిందికి జారుతుంది. అందుకే కాతిబ్ పూత కాగితం మీద జిడ్డు సిరాతో రాసేవాడు. దాన్ని రాతిపైకో, జింకు రేకుపైకో దించి అచ్చు తీసేవారు. నీరూ జిడ్డూ కలవవు, రాతి అచ్చు కిటుకంతా అదే. 1981 నాటి నూరీ నస్తాలీఖ్‌కు సుమారు 20 వేల అక్షర కలయికలు రాయవలసి వచ్చిందంటే కాతిబ్ చేతిలోని పని ఎంతటిదో చూడండి! 1994లో ఇన్‌పేజ్ వచ్చాక ఆ పని తరిగిపోయింది.

అయితే మమ్మల్ని ఆపింది మిషను కాదు, దాని పక్కన మేకుకు వేలాడుతున్న గుడ్డసంచి. చెడిపోయిన కార్డుల్లో అల్లాహ్ నామం ఉన్నవాటిని నేలపై పడనివ్వక అందులో వేస్తారు. తక్కినవి రద్దీకి పోతాయి, ఇవి పోవు. సంచి నిండాక శుభ్రమైన చోట గొయ్యి తీసి పూడుస్తామని యజమాని చెప్పారు. జీర్ణమైన ఖుర్‌ఆన్ పత్రాలను అడుగు పడని చోట పాతిపెట్టవచ్చని ధర్మవేత్తలు చెప్పారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రామాణిక ప్రతులు రాయించి తక్కిన వాటిని కాల్పించిన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది.

మేమున్నప్పుడే ఒక అబ్బాయి వచ్చి, 500 రుఖాల మీదా బంగారు రంగులో ఆయత్ కావాలన్నాడు.

"బేటా, పెళ్ళయిన మర్నాడు ఈ 500 ఎక్కడ పడి ఉంటాయి?" అన్నారు యజమాని.

"అయితే 786 వేయండి చాచా."

ఆ అంకె బిస్మిల్లాహ్‌కు సమానం కాదని చాలామంది ఉలమాలు అంటారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) రోము చక్రవర్తి హిరఖ్ల్‌కు పంపిన లేఖే బిస్మిల్లాహ్‌తో మొదలైంది. కాబట్టి పేరు మానడం కాదు, పేరున్న కాగితాన్ని కాపాడడమే మనవల్ల కావలసిన పని. కొన్ని మసీదుల్లో ఇలాంటి కాగితాలకు డబ్బాలు పెడుతున్నారు. మన ఇంట్లో బీరువాపై ఒక సంచీ పెట్టుకోవడానికి ఖర్చేముంది?

ఆయత్ తీసేస్తే రేకు బేరం తగ్గుతుంది, నష్టం యజమానికే. ఆయన ఆ మాటే ఎత్తలేదు. అబ్బాయి బయటికెళ్ళి ఇంటికి ఫోను చేసి వచ్చాడు. ఆయత్ డిజైను పక్కన పెట్టించి, పైన ఒక్క బిస్మిల్లాహ్ ఉంచమన్నాడు.