వైఫైకి వైర్లు లేవనుకుంటున్నారా?

రూమ్ అద్దెకి చూడ్డానికి వెళ్తే మనం అడిగే మొదటి ప్రశ్న.. ‘వైఫై ఉందా?’. రెండోది.. ‘స్పీడ్ ఎంత?’. ఎర్తింగ్ ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. సిగ్నల్ గాల్లోనే వస్తుంది సరే.. దాన్నిచ్చే రూటర్‌ని ఓసారి చూడండి. ఒకవైపు వీధిలోంచి వచ్చే కేబుల్, ఇంకోవైపు గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటు. ఫ్రిజ్‌లాగే ఇదీ ఇరవై నాలుగ్గంటలూ ఆన్‌లో ఉంటుంది. ఫ్రిజ్‌కేమో వేరే సాకెట్ పెట్టిస్తాం. రూటర్‌నేమో ఏదో ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి తగిలించి మర్చిపోతాం!

వీధిలోంచి వచ్చేది..

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది నగరంలో స్తంభాలకు వేలాడుతున్న టీవీ, ఇంటర్నెట్ కేబుళ్లను తొలగించారు. నెట్ పోయిందని చాలామందికి చిరాకేసింది. కానీ ఆ కేబుళ్లతో అసలు సమస్యేంటో తెలుసుకోవాలి. ఫైబర్‌లో డేటా వెళ్లేది సన్నటి గాజు పోగులో, కాంతి రూపంలో. గాజులోంచి కరెంటు పారదు. అయితే కేబుల్ బరువుకి సాగిపోకుండా, తెగకుండా ఉండాలని చాలా రకాల్లో పక్కనే ఉక్కు తీగ వేస్తారు. స్తంభం మీద కరెంటు వైరు ఆ ఉక్కుకి తగిలిందంటే, తీగ పొడవునా కరెంటే!

అందుకే కేబుల్ తెగి వీధిలో వేలాడుతుంటే ముట్టుకోవద్దు, పక్కకి లాగొద్దు. 1912కి ఫోన్ చేసి చెప్పండి. డాబా మీద బట్టలారేసే ఇనుప తీగకి ఇంటర్నెట్ కేబుల్ కట్టనివ్వొద్దు. కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఉక్కు తీగని బయటి గోడ దగ్గరే ఆపి, ఫైబర్‌ని మాత్రమే లోపలికి తెమ్మని అడగండి.

పిడుగు పడితే..

‘మాది ఫైబర్, పిడుగులతో పన్లేదు’ అనుకునేవాళ్లు చాలామంది. గాజు పోగు వైపు నుంచి కాకపోయినా, కరెంటు లైను వైపు నుంచి ముప్పు వస్తుంది. పిడుగు మన ఇంటి మీదే పడక్కర్లేదు. దగ్గర్లో పడినా లైనులో వోల్టేజీ ఒక్కసారిగా ఎగుస్తుంది. డాబా మీదుగా పక్క వాటాకి లాగిన లాన్ కేబుల్ అయితే రాగిదే. అందులోకీ ఆ వోల్టేజీ వచ్చేస్తుంది.

స్విచ్ ఆపేస్తే చాలదా? చాలదు. స్విచ్ లోపల ఉండే ఖాళీ చాలా చిన్నది. పిడుగు వోల్టేజీ దాన్ని దాటేయగలదు. పైగా మామూలు స్విచ్ ఆపేది ఫేజ్‌ని మాత్రమే, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. కాబట్టి మబ్బు కమ్ముతుండగానే అడాప్టర్, లాన్ కేబుల్ రెండూ పీకేయండి. ఉరుములు మొదలయ్యాక వాటి జోలికి వెళ్లొద్దు. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ కూడా పట్టుకోవద్దు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ మన చుట్టుపక్కల పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. ఫోన్‌లో ఉంటే మంచిది.

గోడలోంచి వచ్చేది..

మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను లావుగా, పొడుగ్గా ఎందుకుంటుంది? ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్త్ అందరికంటే ముందు కలవాలి, తీసేటప్పుడు ఆఖర్న విడిపోవాలి అని. సాకెట్‌కి మూడు రంధ్రాలున్నంత మాత్రాన వెనక ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు. మూడు పిన్నుల ఛార్జర్ వాడుతున్నా లాప్‌టాప్ మెటల్ బాడీ జివ్వుమంటోందా? అయితే ఎర్తింగ్ మీద అనుమానపడాల్సిందే. ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి.

స్పైక్ గార్డ్ కొన్నాం కదా అని ధీమా వద్దు. ఆ పేరుతో అమ్మే చవక బాక్సుల్లో కొన్ని ఉత్త ఎక్స్‌టెన్షన్ బాక్సులే. నిజమైనదైనా ఎర్తింగ్ లేకపోతే దాని పని సగమే. ఎమ్‌సీబీ కాపాడేది ఇంటి వైరింగ్‌ని. మనిషికి షాక్ కొట్టినప్పుడు వెంటనే కరెంటు ఆపేది ఆర్‌సీసీబీ. ఇళ్లకి 30 మిల్లీ యాంపియర్లది పెడతారు. దాని మీద ‘టెస్ట్’ బటన్ ఉంటుంది. అప్పుడప్పుడు నొక్కి చూడండి. పడిపోకపోతే అది పనిచేయనట్టే.

రూటర్ అడాప్టర్ పాడైతే ఇంట్లో ఉన్నదేదో పెట్టేయొద్దు. పాతది 12 వోల్టులైతే కొత్తదీ 12 వోల్టులే ఉండాలి, ప్లస్-మైనస్ గుర్తు కలవాలి. యాంపియర్లు మాత్రం కాస్త ఎక్కువైనా పర్లేదు. కరెంటు పోయినా నెట్ ఆగకూడదని పెట్టుకునే మినీ యూపీఎస్‌ని పరుపు మీద, కర్టెన్ పక్కన ఉంచొద్దు. బ్యాటరీ ఉబ్బితే వెంటనే తీసేయండి.

ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి. ఆపకుండా మనిషిని ముట్టుకుంటే మీకూ కొడుతుంది. తర్వాత 108కి ఫోన్ చేయండి.

ఈసారి రూమ్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఓనర్‌ని ఇంకో రెండు ప్రశ్నలడగండి. ఎర్తింగ్ ఉందా? ఆర్‌సీసీబీ ఉందా? ‘అవన్నీ ఎందుకు బాబూ’ అంటే, ఇంకో రూమ్ చూసుకోవడమే మేలు!