మీకు తెలుసా? ఖరీదైన ఫోన్లు, కడలి మధ్య దీవులు!

★ చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రం అడుగున వేసిన ఇంటర్నెట్ కేబుల్ ఖర్చును అక్కడి జనాభాకు సమానంగా పంచితే, తలకు దాదాపు 32 వేల రూపాయలు! 2020 ఆగస్టు 10న ప్రారంభమైన ఈ కేబుల్ పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,224 కోట్లు. 2011 లెక్కల ప్రకారం దీవుల జనాభా మాత్రం 3,80,581.

★ ఇంకో తమాషా! 2008 ఆగస్టులో ఐఫోన్ మొదటిసారి మన దేశానికి వచ్చినప్పుడు 8 జీబీ ఫోన్ ధర 31,000 రూపాయలు. అంటే ఆనాటి ఒక్క ఐఫోన్ ఖరీదుకి కాస్త కలిపితే, ఒక దీవివాసి వాటాకి వచ్చే కేబుల్ అన్నమాట! (అదే ఫోన్ అమెరికాలో 199 డాలర్లే. కాకపోతే అక్కడ రెండేళ్ల ఒప్పందానికి కట్టుబడాలి.)

★ కేబుల్ రాకముందు దీవుల ఇంటర్నెట్‌కి ఉపగ్రహమే దిక్కు. అప్పుడు ఫోన్ తెర మీద ఒక్కసారి వేలు పెడితే ఆ సంకేతం ఎంత దూరం తిరిగేదో ఊహించగలరా? దాదాపు 1,44,000 కిలోమీటర్లు, అంటే భూమి చుట్టూ మూడున్నర సార్లు! ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి ప్రశ్న పైకెక్కి దిగాలి, జవాబూ పైకెక్కి దిగాలి. ఆ ప్రయాణానికే దాదాపు అర సెకను. లక్షన్నర పెట్టి కొన్న ఫోన్‌కైనా ఇందులో మినహాయింపు లేదు. ఇప్పుడు కేబుల్‌లో కాంతి చెన్నై దాకా వెళ్లి రావడానికి పట్టేది సెకనులో నలభయ్యో వంతు కన్నా తక్కువే!

★ విశాఖలో ఒక టెరాబైట్ నిండా సినిమాలు నింపిన ఫోన్‌ని జేబులో వేసుకుని పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) ఓడెక్కారనుకోండి. మీ జేబే ఒక ఇంటర్నెట్ కనెక్షన్, వేగం సెకనుకు 37 మెగాబిట్లు! ప్రయాణం సుమారు రెండున్నర రోజులని వేసిన లెక్క ఇది. దీవుల్లో వందకు 13 మంది మాతృభాష తెలుగే కనుక ఆ సినిమాలు చూసేవాళ్లకి కొదవే ఉండదు.

★ మరి ఆ టెరాబైట్ ధర? 2024లో ఐఫోన్ 16 ప్రో మాక్స్ వచ్చినప్పుడు 256 జీబీ ఫోన్ 1,44,900 రూపాయలు, 1 టీబీ ఫోన్ 1,84,900. తెర అదే, కెమెరా అదే, తేడా మాత్రం నలభై వేలు! ఐఫోన్‌లో మెమరీ కార్డు పెట్టుకునే చోటు మొదటినుంచీ ఏనాడూ లేదు, అందుకే స్థలం కావాలంటే కంపెనీ దగ్గరే కొనాలి. ఇంటర్నెట్ పుష్కలంగా ఉన్న ఊళ్లలో ఈ లోటు తెలియదు; ఉపగ్రహం రోజుల్లో అండమాన్‌లో ఉండి ఉంటే మీరు ఏ ఫోన్ ఎంచుకునేవారు?

★ ఆ 1,44,900లో జీఎస్టీయే 22 వేలు దాటుతుంది. ఆ పన్ను డబ్బుతోనే మూడు ఫోన్లు వచ్చేవి! శ్రీసిటీలో తయారై 2015 ఆగస్టు 10న విశాఖలో విడుదలైన షావోమీ రెడ్‌మీ 2 ప్రైమ్ ధర 6,999 రూపాయలు మరి. (తారీఖు గమనించారా? సరిగ్గా ఐదేళ్లకు అదే రోజున అండమాన్ కేబుల్ మొదలైంది!)

★ లాభం ఇంతకు మించి వద్దని తనకు తానే గీత గీసుకున్న కంపెనీ ఉందంటే నమ్ముతారా? 2018లో షావోమీ తన ఫోన్లు, ఇతర పరికరాల మీద నికర లాభం 5 శాతం దాటనివ్వబోమని ప్రకటించింది.

★ ఐఫోన్ ప్రకటనల్లో గడియారం సాధారణంగా 9:41 చూపిస్తుంది. 2007లో ప్రసంగం మొదలైన నలభై నిమిషాలకు తొలి ఫోన్‌ని చూపించాలన్న ప్రణాళిక నుంచి పుట్టిన అలవాటిది. అండమాన్‌కీ ఆ 41కీ చుట్టరికం ఉంది! భారత కాలమానపు రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది కనుక అక్కడి సూర్యుడు ఫోన్ గడియారం కన్నా సుమారు 41 నిమిషాలు ముందుంటాడు. ఫోన్‌లో 9:41 అయితే ఆకాశంలో దాదాపు 10:22!

★ 2015లో ఆపిల్ 18 కారెట్ల బంగారు వాచీని 10,000 డాలర్ల నుంచి అమ్మింది. మూడేళ్లకే, 2018లో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ అందులో పనిచేయలేదు! లోపలున్నది మామూలు ఆపిల్ వాచీలోని యంత్రమే. బంగారం మాత్రం బంగారమే, అది చెక్కుచెదరలేదు.

★ తెర తుడుచుకునే గుడ్డ ధర 1,900 రూపాయలు! 2021లో ఆపిల్ ఈ గుడ్డని అమ్మకానికి పెట్టినప్పటి ధర ఇది, అమెరికాలో 19 డాలర్లు. మ్యాక్ ప్రో కంప్యూటర్‌కి విడిగా అమ్మిన నాలుగు చక్రాలైతే 699 డాలర్లు.

★ ఐపీ68 (నీటిని తట్టుకునే రేటింగు) అని రాసి ఉంది కదా అని ఫోన్‌తో అండమాన్‌లోని హావ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) దగ్గర సముద్రంలోకి దిగుతున్నారా? ఆగండి! ఆ పరీక్ష మంచినీటితో చేసింది, ఉప్పునీటితో కాదు. బీచ్‌లో వాడవద్దని సామ్‌సంగే చెబుతోంది, నీటివల్ల పాడైతే ఆపిల్ వారంటీ వర్తించదు. ఉప్పునీళ్లు పడితే వెంటనే మంచినీటితో కడిగి, బాగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టకండి.