సైట్ సూపర్‌వైజర్ ఎందుకు? దాతలకు ఒక వివరణ



ఇళ్ళ నిర్మాణ నిధి లెక్కలు మీ ముందు పెట్టిన ప్రతిసారీ ఒక వరుస దగ్గర కొందరు ఆగుతారు. సిమెంటు, ఇనుము, ఇసుక, కూలీలు అందరికీ అర్థమవుతాయి. 'సైట్ సూపర్‌వైజర్ జీతం' మాత్రం ఎందుకని అడుగుతారు. నక్షా గీసిన ఇంజనీరు ఉన్నాడు, గుత్తేదారు ఉన్నాడు, మేస్త్రీ ఉన్నాడు, మళ్ళీ ఇంకో మనిషా? ఆ డబ్బు దాచితే ఇంకో వితంతువుకు ఒక గది రాదా? ఇది న్యాయమైన ప్రశ్న. అమానత్‌గా ఇచ్చిన సొమ్ము గురించి అడిగే హక్కు మీకుంది, జవాబు చెప్పే బాధ్యత మాకుంది.

ఇల్లు కట్టడంలో అసలైన పనులన్నీ మర్నాటికి కంటికి కనబడవు. పునాది మట్టి కిందికి పోతుంది. ఇనుము కాంక్రీటు లోపలికి, పైపులు గోడ లోపలికి పోతాయి. పైన రంగులు వేశాక లోపల ఏముందో ఎంత పెద్ద ఇంజనీరైనా చూసి చెప్పలేడు. కనుక దాగిపోయే ముందే చూసి, సరిగా ఉందని రాసి, సంతకం పెట్టే మనిషి ఒకరు కావాలి. ఇంజనీరు వారానికి ఒకటి రెండుసార్లు వచ్చి పోతాడు. గుత్తేదారు చదరపు అడుగుకు ఇంత అని ఒప్పుకున్నవాడు, పని ఎంత త్వరగా ముగిస్తే అతనికి అంత లాభం. మేస్త్రీ అతని కిందివాడు. వాళ్ళు చెడ్డవాళ్ళని మేము అనడం లేదు. తన పనిని తానే తనిఖీ చేసుకోవడం ఎవరికైనా కష్టమే. సూపర్‌వైజర్ ఒక్కడే మన తరఫున ఉదయం నుంచి సాయంత్రం దాకా అక్కడ నిలబడేవాడు.

ఈ పని మన ఊరికి కొత్తది కాదు. 1617లో మొదలై 1694లో పూర్తయిన మక్కా మసీదు కట్టడాన్ని దారోగా మీర్ ఫైజుల్లా బేగ్, రంగయ్య చౌదరి పర్యవేక్షించారని చరిత్ర చెబుతుంది. రాజుల పేర్లతో పాటు ఈ ఇద్దరి పేర్లూ నిలిచాయంటే ఆ కాలంవాళ్ళకు ఈ ఉద్యోగం విలువ తెలుసన్నమాట.

ఇక రోజువారీ పనికి వద్దాం. పాతబస్తీ గల్లీల్లోకి లారీ రాదు. సామాను పెద్ద రోడ్డు మీద దించి, ట్రాలీ ఆటోలకు ఎక్కించి సైటుకు చేర్చాలి. ఒక్క లోడు రెండు చేతులు మారుతుంది కాబట్టి రెండు చోట్లా లెక్క పెట్టాలి. 12 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ 12 మీటర్ల పొడవుంటే సుమారు 10.6 కిలోలు తూగాలి. తూకం బాగా తగ్గితే కడ్డీ సన్నగా ఉన్నట్టే. సిమెంటు బస్తా మీది తేదీ చూడాలి, 3 నెలలు దాటినదాన్ని స్లాబుకు వాడనివ్వకూడదు. బస్తాలను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు దూరంగా పేర్పించాలి. చిన్న పనులే, కానీ రోజూ చేయాలి.

స్లాబు రోజు మాత్రం వేరు. పోత మొదలయ్యే ముందే సెంట్రింగ్ గట్టిగా ఉందా, కడ్డీల మధ్య దూరం నక్షాలో ఉన్నట్టే ఉందా అని టేపు పట్టి చూస్తాడు. ఇనుము కింద కవర్ బ్లాకులు పెట్టిస్తాడు. స్లాబు అడుగున కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కడ్డీని కప్పకపోతే కొన్నేళ్ళకే ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, పెచ్చులు ఊడిపడతాయి. పాత ఇళ్ళ కప్పుల్లో మనం చూసే తుప్పు కడ్డీలు చాలావరకు అలా వచ్చినవే.

తర్వాత నీళ్ళు. రెడీమిక్స్ బండి గల్లీలోకి రాదు కనుక మిల్లర్ దగ్గరే కలపాలి. పలుచగా ఉంటే పోయడం సులువు, అందుకని కూలీలు నీళ్ళు ఎక్కువ పోస్తారు. మామూలు ఇంటి కాంక్రీటుకు 50 కిలోల బస్తాకు ఇసుకలోని తడితో కలిపి 27 లీటర్లు దాటకూడదు. దాటినకొద్దీ బలం తగ్గుతుంది. అందుకే సూపర్‌వైజర్ ఆ రోజంతా మిల్లర్ పక్కనుంచి కదలడు. అదే కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల ఘనాలు పోయించి, 28 రోజులకు ల్యాబులో పరీక్షకు పంపుతాడు.

స్లాబు పడగానే మిఠాయి పంచడం మన అలవాటు. అసలు పరీక్ష ఆ తర్వాతే కదా అని మాకు అనిపిస్తూ ఉంటుంది. మన ఎండల్లో కనీసం 10 రోజులు స్లాబు మీద మళ్ళు కట్టి నీళ్ళు నిలపాలి. ట్యాంకరుకు డబ్బు పెట్టాలి కాబట్టి మూడో రోజుకే నీళ్ళు ఆగిపోయే సైట్లు ఎన్నో. సెంట్రింగ్ రేకులకు రోజు లెక్కన అద్దె, వాటిని త్వరగా విప్పాలని తొందర. 4.5 మీటర్లలోపు వెడల్పున్న గదికైతే ఆధారపు కర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. సూపర్‌వైజర్ సంతకం లేనిదే కర్ర కదలకూడదని మేము ఒప్పందంలోనే రాయించాం.

ఇంకొక బాధ్యత పొరుగింటిది. మన బస్తీల్లో చాలా గోడలు రాయి, సున్నంతో కట్టిన పాతవి, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పక్కనే పునాది గుంత పొడవునా ఒకేసారి తవ్వితే ఆ గోడ కాలు జారుతుంది. అందుకని కొంత తవ్వి, నింపి, ఆ తర్వాతే పక్క భాగం తవ్వాలి. మబ్బు కమ్మిన రోజు గుంతను తెరిచి వదలకూడదు. 2020 అక్టోబరు వానల్లో బండ్లగూడలో గోడ కూలి ప్రాణాలు పోయిన సంగతి మీరెవరూ మరచిపోయి ఉండరు. మనం ఒకరికి నీడ కల్పించబోయి పక్కవారి ఇంటికి ముప్పు తేకూడదు.

కూలీల హాజరు పట్టీ కూడా అతనే రాస్తాడు. కూలి లెక్కతోనే ఆ పట్టీ పని అయిపోదు. 18 నుంచి 60 ఏళ్ళ లోపు నిర్మాణ కార్మికులు గడచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపితే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రమాదం జరిగితే ఆ కార్డే ఇంటివాళ్ళకు ఆధారం. ఊళ్ళు దాటి వచ్చి పనిచేసే మనిషికి ఆ 90 రోజుల రుజువు మన రిజిస్టరులో దొరకాలి.

సైటులో ఒక డైరీ ఉంటుంది. ఏ రోజు ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎన్ని వాడారు, ఏ స్లాబుకు ఎన్ని రోజులు నీళ్ళు నిలిపారు, ఘనాల పరీక్షలో ఏం తేలింది, అన్నీ అందులో ఉంటాయి. దాతలెవరైనా వచ్చి చూడవచ్చు. స్లాబు పోసే రోజు మాత్రం దయచేసి అతన్ని మాటల్లో పెట్టకండి, మర్నాడు రండి.