గ్యారేజీలో పికాసో బొమ్మలు: కానుకా, దొంగసొత్తా?

2010 సెప్టెంబరులో ఫ్రాన్సు దేశపు దక్షిణ ప్రాంతం నుంచి ఇద్దరు వృద్ధ దంపతులు ఒక సూట్‌కేసు పట్టుకుని పారిస్ నగరం చేరారు. భర్త రిటైరైన ఎలక్ట్రీషియన్. కరెంటు పనులు చేసుకుని బతికినవాడు. వారు నేరుగా వెళ్ళింది జగత్ప్రసిద్ధ చిత్రకారుడు పాబ్లో పికాసో కుమారుడు క్లాడ్ వద్దకు. సూట్‌కేసు తెరిచి ఒక్కొక్కటే బయటకు తీశారు. అన్నీ పికాసో బొమ్మలే! ఇవి అసలైనవేనని ఒక సర్టిఫికెట్ రాసిస్తే చాలునన్నది వారి కోరిక.

సర్టిఫికెట్ రాలేదు, పోలీసులు వచ్చారు. అక్టోబరులో ఆ బొమ్మలన్నిటినీ స్వాధీనం చేసుకున్నారు. అక్కడ మొదలైన వ్యాజ్యం తొమ్మిదేళ్ళు సాగింది.

పికాసో స్పెయిన్‌లో 1881లో పుట్టి, ఫ్రాన్సులో స్థిరపడి, 1973 ఏప్రిల్ 8న తన 91వ ఏట మరణించాడు. ఆయన బొమ్మ ఒక్కటి వేలానికి వస్తే కోట్లు పలుకుతుంది. అలాంటిది ఆ దంపతుల వద్ద దొరికినవి ఒకటీ రెండూ కావు, 271. విడి బొమ్మలు 180, రెండు నోటు పుస్తకాలలో గీసినవి మరో 91. అన్నీ 1900కూ 1932కూ నడుమ వేసినవి. కాగితం ముక్కలు అతికించి చేసిన అరుదైన చిత్రాలు తొమ్మిది వాటిలో ఉన్నాయి. మొత్తం విలువ తక్కువలో తక్కువ ఆరు కోట్ల యూరోలని అంచనా వేశారు. అప్పటి లెక్కన మన డబ్బులో సుమారు 350 కోట్ల రూపాయలు! ఇంత సొత్తు దాదాపు నలభై ఏళ్ళు ఒక గ్యారేజీలో, అట్టపెట్టెలో పడి ఉంది.

కంచే చేను మేసిందా?

ఈ ఎలక్ట్రీషియన్‌కు పికాసో ఇంటితో సంబంధం ఎలా కలిసింది? చిత్రకారుని చివరి రోజుల్లో, 1970 తరువాత, ఆయన ఇళ్ళలో కరెంటు పనులకు ఇతన్నే పిలిచేవారు. అతను బిగించినవాటిలో దొంగలు పడితే మోగే అలారం గంటలు కూడా ఉన్నాయి. అందుకే కేసు సంగతి విన్నవారు మొట్టమొదట ఆ మాటే అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ దంపతులు చెప్పింది వేరు. పికాసో భార్య జాక్లిన్ ఒకనాడు ఒక పెట్టె చేతికిచ్చి, ఇది మీకేనన్నదట. ఆ సంగతి పికాసోకూ తెలుసునట. తాము దొంగలమే అయితే బొమ్మలు మోసుకుని పికాసో కొడుకు గుమ్మమే ఎందుకు ఎక్కుతామన్నది వారి వాదన. రేపు తాము పోతే పిల్లలకు చిక్కు రాకూడదనే బయటపెట్టామన్నారు. ఇది తేలిగ్గా తోసిపుచ్చదగిన మాట కాదు. దొంగసొత్తు దాచినవాడు చాటుగా అమ్ముకోవాలని చూస్తాడు గాని సొంతదారు ఇంటికి తీసుకువెళ్ళడు గదా!

వారసుల జవాబు కూడా గట్టిదే. పికాసో తన చేతిపని దాచుకునే మనిషి, చిన్న కాగితం కూడా పారేయడు, పాత బొమ్మలు ఇన్నిటిని ఒక్కసారిగా ఎవరికీ ఇవ్వడు అన్నారు. ఇస్తే పుచ్చుకునేవారి పేరు రాసి, సంతకం చేసి, తేదీ వేసి మరీ ఇచ్చేవాడన్నారు. ఈ బొమ్మల మీద ఆ రాత ఏదీ?

క్షురకుని పెట్టె

పికాసో ఇచ్చే మనిషి కాడా అంటే, ఇచ్చాడు. ఆయన జుట్టు కత్తిరించిన యూజీనియో అరియాస్ స్పెయిన్ అంతర్యుద్ధం తరువాత దేశం వదిలి ఫ్రాన్సుకు వచ్చిన శరణార్థి. వలోరిస్ అనే ఊళ్ళో సెలూను పెట్టుకున్నాడు. ఇద్దరూ స్పెయిన్‌వారే, ఇద్దరికీ ఎద్దుల పోరాటమంటే ప్రాణం. పాతికేళ్ళ స్నేహంలో పికాసో అతనికి అరవై దాకా కళాఖండాలు ఇచ్చాడు. అతని కత్తెరలూ దువ్వెనలూ పెట్టుకునే చెక్కపెట్టె మీద ఎద్దుల పోరాటం బొమ్మలు వాతపెట్టి చిత్రించి ఇచ్చాడు. స్నేహితుని పేరు రాసి, సంతకం చేసి ఇచ్చిన కానుకలవి. అరియాస్ వాటిని అమ్ముకోలేదు. మాద్రిద్‌కు ఉత్తరాన ఉన్న తన సొంత ఊరు బుయిత్రాగోలో మ్యూజియం పెట్టడానికి ఇచ్చివేశాడు. 1985లో అది తెరుచుకుంది. అతని హక్కును ప్రశ్నించినవారు లేరు.

అంటే పికాసోకు పేదవారి మీద ప్రేమ లేకపోవడం ఇక్కడ సమస్య కాదు. అరియాస్ వద్ద ఉన్న రాత ఎలక్ట్రీషియన్ వద్ద లేదు. తనకు ఇచ్చారనడానికి సాక్షి చెప్పగల జాక్లిన్ 1986లోనే కన్నుమూసింది.

కాలదోషం మాటేమిటి?

చట్టం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. భూమికి దస్తావేజు ఉన్నట్టు పెట్టెలో బొమ్మకు దస్తావేజు ఉండదు. చరాస్తి ఎవరి చేతిలో ఉంటే, నిజాయితీగా పొంది ఉంటే, అది వారిదేనన్నది ఫ్రెంచి చట్టంలో పాత సూత్రం. పైగా నలభై ఏళ్ళ కిందటి దొంగతనానికి కాలదోషం పట్టిపోయింది. అందుచేత దొంగతనం కేసు పెట్టలేదు. దొంగసొత్తు దగ్గర ఉంచుకున్న నేరం మోపారు. ఉంచుకున్నంతకాలం ఆ నేరం సాగుతున్నట్టే లెక్క గనుక దానికి కాలదోషం అడ్డురాదు.

2015 మార్చిలో గ్రాస్ పట్టణపు కోర్టు దంపతులిద్దరికీ రెండేళ్ళ శిక్ష వేసింది. అయితే జైలుకు వెళ్ళనక్కరలేకుండా శిక్ష అమలును నిలిపివేసింది. బొమ్మలు వారసులకు ఇమ్మన్నది.

అప్పీలులో కథ మలుపు తిరిగింది. మొదట చెప్పింది పూర్తి నిజం కాదని ఎలక్ట్రీషియనే ఒప్పుకున్నాడు. పికాసో చనిపోయాక జాక్లిన్ పదిహేను, పదిహేడు సంచుల నిండా బొమ్మలు నింపి దాచిపెట్టమన్నదట. తరువాత వాటిని వెనక్కి తీసుకుంటూ ఒక్క సంచి అతనికి వదిలేసిందట. ఎందుకు దాచవలసి వచ్చింది? క్లాడ్‌తో ఆమెకు పడదు, ఆస్తుల జాబితాలోకి ఈ బొమ్మలు ఎక్కకూడదనుకుంది అన్నది అతని మాట.

ఆ ఇంట్లో తగాదా ఉన్నమాట నిజమే. పికాసో వీలునామా రాయకుండా పోయాడు. జాక్లిన్ బంధువులను దూరంగా ఉంచింది. మరో స్త్రీకి పుట్టిన క్లాడ్, పాలోమాలను తండ్రి అంత్యక్రియలకు కూడా రానివ్వలేదు. వారు బిడ్డలుగా హక్కు పొందింది 1974లో, కోర్టుకెక్కాక. వెయ్యిన్ని ఎనిమిది వందలకు పైబడిన చిత్రాలూ, ఏడు వేలకు పైబడిన డ్రాయింగులూ లెక్కించి పంచుకోవడానికి ఏళ్ళు పట్టింది. వారసత్వపు పన్ను కింద ప్రభుత్వం డబ్బుకు బదులు బొమ్మలే తీసుకుంది. పారిస్‌లోని పికాసో మ్యూజియం వాటితో 1985లో వెలిసింది. ఇంతటి పంపకాల రోజుల్లో పెద్దావిడ కొన్ని సంచులు పక్కకు తప్పించిందంటే నమ్మలేనంత వింత ఏమీ కాదు. కాని మాట మార్చినవాని రెండో మాటకు విలువ ఎంత ఉంటుంది? 2016 డిసెంబరులో అప్పీలు కోర్టు పాత శిక్షనే ఖాయం చేసింది.

2018 ఫిబ్రవరిలో దేశపు అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. బొమ్మలు దొంగిలించినవేనని కింది కోర్టు సరిగా నిర్ధారించలేదని చెప్పి, మళ్ళీ విచారించమని లియాన్ నగరపు అప్పీలు కోర్టుకు పంపింది. ముసలి దంపతులకు ఆశ చిగురించింది. 2019 నవంబరులో లియాన్ కోర్టు కూడా అదే రెండేళ్ళ శిక్ష ఖాయం చేయడంతో అదీ పోయింది.

క్లాడ్ 2023లో మరణించాడు. పోలీసులు పట్టుకెళ్ళిన 271 బొమ్మల్లో ఒక్కటీ ఆ గ్యారేజీకి తిరిగి రాలేదు. దొంగతనం చేశాడన్న కేసు మాత్రం ఎవరి మీదా లేదు.