మేక మరిచిపోని మందు

హామిల్టన్‌లో జనవరి చలిలో కూడా దుకాణంలో మేకపాలు దొరుకుతాయి. ఇందులో వింతేముంది అంటారా? మన ఊళ్ళలో మేకలు ఏడాదిలో ఎప్పుడైనా ఎదకొస్తాయి. ఆంటేరియోలో పెంచే సానెన్, ఆల్పైన్ జాతులు అలా కాదు. పగటిపొద్దు తగ్గే శరదృతువులో ఎదకొచ్చి, ఐదు నెలలు మోసి, వసంతంలో ఈనుతాయి. వాటి మానాన వాటిని వదిలేస్తే చలికాలానికి మందలో చాలా మేకలు వట్టిపోతాయి.

అవే జాతులు, అదే చిక్కు ఉన్న ఫ్రాన్సులో దీనికొక పద్ధతి కనిపెట్టారు. హార్మోను పట్టించిన స్పాంజిని మేక యోనిలో 11 రోజులు ఉంచుతారు. దాన్ని తీయడానికి రెండు రోజుల ముందు ఇ.సి.జి. అనే మరో హార్మోనుతో సూదిమందు వేస్తారు. స్పాంజి తీసిన సుమారు 43 గంటలకు, ఎదకొచ్చిందా లేదా అని చూడకుండానే, మందకంతటికీ కృత్రిమ గర్భధారణ చేస్తారు. మన భాషలో చెప్పాలంటే టైమర్‌ని హార్డ్‌కోడ్ చేశారన్నమాట.

మొదటిసారి బాగానే పనిచేస్తుంది. ఏటా అదే వాడుతూ పోతే కొన్ని మేకలు చూలు కట్టడం మానేస్తాయి. కారణం ఆ సూదిమందులోనే ఉంది. ఇ.సి.జి.ని చూలుతో ఉన్న ఆడగుర్రం రక్తం నుంచి తీస్తారు. మేక ఒంటికి అది పరాయి ప్రోటీను. కాబట్టి టీకా వేస్తే మన ఒంట్లో పుట్టినట్టే అక్కడా యాంటీబాడీలు పుడతాయి. మళ్ళీ సూది పడగానే అవి మందును పట్టేస్తాయి. అయినా మేక ఎదకు రాకుండా పోదు, ఆలస్యంగా వస్తుంది. స్పాంజి తీసిన 30 గంటల తర్వాత ఎదకొచ్చిన మేకల్లో చూలు నిలవడం బాగా తక్కువని 1990లలోనే గమనించారు. అండం విడుదలయ్యే వేళకు వీర్యం బలం ఉడిగిపోతుంది. పాపం, రైతు "గొడ్డుపోయింది" అని దాన్ని తీసేస్తాడు. తప్పు మేకది కాదు, మన టైమర్‌ది.

అన్ని మేకలూ ఒకేలా స్పందించవు. కొన్నిటిలో యాంటీబాడీలు విపరీతంగా పెరుగుతాయి, కొన్నిటిలో పెద్దగా ఉండవు. ఇందులో వంశపారంపర్యం పాత్ర కూడా ఉంది. 2004లో ఫ్రెంచి పరిశోధకులు మరో విడ్డూరం బయటపెట్టారు. కొన్ని మేకల యాంటీబాడీలు ఇ.సి.జి. పనిని అడ్డుకోకపోగా, దాని బలాన్ని పెంచుతున్నాయి!

ఒకచోట తలనొప్పి అయినదే మరోచోట మందు. ఇ.సి.జి.కి మనుషుల్లో ఉన్న బంధువు హెచ్.సి.జి. దాని మీద కావాలనే యాంటీబాడీలు పుట్టించి గర్భనిరోధక టీకాగా వాడవచ్చని ఢిల్లీలో జి.పి. తల్వార్ బృందం 1994లో చూపించింది.

మేకల విషయానికొస్తే, ఏ మేకకు ఎన్నిసార్లు సూది వేశామో రాసుకోవడం మొదటి జాగ్రత్త. సూది అసలే వద్దనుకునేవాళ్ళు చలికాలంలో కొట్టంలో రోజుకు 16 గంటల వెలుతురు రెండు నెలలపాటు ఇచ్చి, తర్వాత మామూలు పగళ్ళకు వదిలి, ఆపైన మందలోకి మేకపోతులను తోలతారు. అక్కడ యాంటీబాడీల గొడవ లేదు. కరెంటు బిల్లు మాత్రం ఉంటుంది.