గురక ఆగినప్పుడు మెదడులో ఏం జరుగుతుంది?

వేసవి రాత్రి ఆరుబయట మంచాలు వేసుకుని పడుకున్నప్పుడు మీ తాతయ్య గురక వినే ఉంటారు. గురక అంటే మనకు నవ్వులాట. కాని ఈసారి చప్పుడును కాక, దాని మధ్య వచ్చే నిశ్శబ్దాన్ని గమనించండి. కొందరిలో గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది. పది, ఇరవై సెకన్లపాటు ఏ చప్పుడూ ఉండదు. తర్వాత ఉలిక్కిపడ్డట్టు గట్టిగా గాలి పీల్చి మళ్ళీ గురక మొదలుపెడతారు. "హమ్మయ్య, ఆగింది!" అని మీరు సంతోషించిన ఆ కొద్ది సెకన్లూ నిజానికి ఆ మనిషికి ఊపిరి ఆడలేదన్నమాట!

ఈ జబ్బును 'స్లీప్ ఆప్నియా' అంటారు. ఆప్నియా అంటే గ్రీకు భాషలో ఊపిరి లేకపోవడం. ఇది ఎలా వస్తుందో చూద్దాం. నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. కొందరిలో అవి మరీ వదులై, నాలుక వెనక్కి జారి, గాలి పోయే దారి మూసుకుపోతుంది. ఛాతీ ప్రయత్నిస్తూనే ఉంటుంది, కాని గాలి లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు దాన్ని పసిగట్టి మనిషిని క్షణకాలం మేల్కొలుపుతుంది. గొంతు తెరుచుకుంటుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ అదే కథ! జబ్బు తీవ్రంగా ఉంటే గంటకు 30 సార్లకు పైగా ఇలా జరుగుతుంది. అంటే రాత్రికి 200 సార్లకు పైనే. అయినా తెల్లవారి లేచాక వారికి ఏమీ గుర్తుండదు.

మెదడు మన బరువులో సుమారు 2 శాతమే. కాని ఒళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు మనం వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. అంత అవసరమున్న మెదడుకు ప్రతి రాత్రీ ఇన్నిసార్లు సరఫరా తగ్గితే ఏమవుతుంది?

అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాల్ మేసీ, ఆయన సహచరులు ఈ విషయం పరిశీలించారు. మెదడులో ఒక భాగం నుంచి మరొక భాగానికి సమాచారం మోసే సన్నని తంతువుల కట్టలుంటాయి. వీటిని తెల్ల పదార్థం అంటారు. ఆ తంతువుల్లో ఉండే నీటి కదలికను ఒక రకం ఎం.ఆర్.ఐ. పరీక్షతో కనిపెట్టవచ్చు. గట్లు గట్టిగా ఉన్న పంటకాలువలో నీరు ఒకే దారిన పోతుంది. గట్లు తెగితే నాలుగు వైపులా చెదురుతుంది. తంతువులూ అంతే. నీరు చెదిరిందంటే అక్కడ దెబ్బ తగిలిందని అర్థం.

వారు జబ్బున్న స్త్రీలను ఆరోగ్యవంతులైన స్త్రీలతోను, జబ్బున్న పురుషులను ఆరోగ్యవంతులైన పురుషులతోను పోల్చి చూశారు. 2012లో ప్రకటించిన ఫలితం ఆశ్చర్యం కలిగించింది. తెల్ల పదార్థంలో మార్పులు స్త్రీలలోనే ఎక్కువగా కనిపించాయి! ముఖ్యంగా మెదడు ముందు వైపు, నిర్ణయాలు తీసుకోవడానికీ మనోభావాలను అదుపులో ఉంచుకోవడానికీ తోడ్పడే 'సింగ్యులమ్' అనే కట్టలో ఈ తేడా కనబడింది.

అయితే స్త్రీల మెదడు బలహీనమని అనుకోకండి. పరీక్షకు వచ్చినవారు కొద్ది పదుల మంది మాత్రమే. పైగా ఒక్కసారి తీసిన చిత్రం దెబ్బను చూపుతుందే కాని, అది ఎప్పుడు మొదలైందో చెప్పదు.

ఇక్కడ ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉంది. చాలాకాలం ఇది మగవారి జబ్బు అనే భావన ఉండేది. కాని 1993లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 30 నుంచి 60 ఏళ్ళ ఉద్యోగులను పరీక్షించగా, నిద్రలో గంటకు 5 సార్లు గాని అంతకు మించి గాని శ్వాసకు అడ్డంకి కలిగేవారు మగవారిలో 24 శాతం, ఆడవారిలో 9 శాతం ఉన్నట్టు తేలింది. అంటే ప్రతి 11 మంది స్త్రీలలో సుమారు ఒకరు! స్త్రీలలో చాలామంది పెద్దగా గురక పెట్టరు. నీరసం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, దిగులు అని చెబుతారు. "ఇంటి పని ఎక్కువై అలసిపోయింది" అని మనం సరిపెట్టుకుంటాం. జబ్బు అలాగే ఉండిపోతుంది.

దీనికి చికిత్స లేకపోలేదు. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివన్, ఆయన సహచరులు ఒక ఉపాయం ప్రకటించారు. ముక్కుకు తొడుగు పెట్టి, చిన్న యంత్రంతో కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపుతారు. ఆ గాలే గొంతు మూసుకుపోకుండా ఆపుతుంది. ఒళ్ళు బరువుగా ఉన్నవారు బరువు తగ్గినా మేలు కలుగుతుంది.

నిద్రపోయే మనిషి తన ఊపిరి ఆగడం తాను చూసుకోలేడు. పక్కనున్నవారే చూడాలి. కనుక ఈ రాత్రి తాతయ్య గురకను మాత్రమే కాదు, అమ్మ, అమ్మమ్మ ఊపిరిని కూడా కాసేపు చెవియొగ్గి వినండి. మధ్యమధ్య ఆగుతున్నట్టు తోస్తే, లేదా నిండుగా నిద్రపోయినా వారు పగలంతా బడలికగా ఉంటే, నాన్నగారితో చెప్పి డాక్టరుకు చూపించండి. మీరు గమనించిన ఆ చిన్న సంగతే డాక్టరుకు మొదటి ఆధారం కావచ్చు.