ఓడలు పెరిగాయి, వంతెన పెరగలేదు

ఊరి వాగు మీద వంతెన అందరికీ తెలుసు. వరదకు పెద్ద దుంగ కొట్టుకొచ్చి స్తంభానికి తగిలితే వంతెన అదురుతుంది. మరి దుంగకు బదులు ఓడ వచ్చి తగిలితే?

అమెరికాలో అలాగే జరిగింది. అక్కడ బాల్టిమోర్ అనే రేవు పట్నం ఉంది. ఓడలు వెళ్ళే దారిలో నది మీద పెద్ద ఇనుప వంతెన ఉండేది. దాని పేరు ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన. 1977లో కట్టారు.

2024 మార్చి 26. అర్ధరాత్రి దాటింది. డాలీ అనే సరుకుల ఓడ శ్రీలంకకు బయలుదేరింది. దాని పొడవు దాదాపు 1000 అడుగులు. అంటే 13 రైలు పెట్టెలు వరుసగా నిలిపినంత! ఓడ సిబ్బందిలో ఎక్కువమంది మన దేశం వాళ్ళే.

వంతెన దగ్గరికి వచ్చేసరికి ఓడలో కరెంటు పోయింది. కారణం ఏమిటి? ఒక్క వైరు వదులుగా ఉంది. అంతే! ఓడ దారి తప్పింది. లంగరు వేశారు. పల్లంలో దిగే వడ్ల బండినే ఆపలేం. అంత ఓడ ఆగుతుందా? పోయి స్తంభాన్ని గుద్దింది. గుంజ విరిగిన పందిరిలా వంతెన కూలిపోయింది.

ఓడవాళ్ళు ముందే ప్రమాదం కబురు పంపారు. పోలీసులు రెండు వైపులా బండ్లు ఆపారు. ఎన్నో ప్రాణాలు దక్కాయి. కాని వంతెన మీద రోడ్డు గుంతలు పూడ్చే కూలీలు ఉన్నారు. కబురు వాళ్ళకు అందేలోపే వంతెన పడిపోయింది. ఆరుగురు చనిపోయారు. వాళ్ళు మెక్సికో, గ్వాటెమాలా వంటి దేశాల నుంచి పొట్టకూటికి వలస వచ్చినవాళ్ళు.

1980లో ఇదే వంతెనకు ఒక ఓడ తగిలింది. అప్పుడు వంతెన నిలిచింది. డాలీ ఆ ఓడకు సుమారు పది రెట్లు పెద్దది. ఓడలు పెరిగాయి. వంతెన పాతదే. ఇంత పెద్ద ఓడ తగిలితే ఏమవుతుందో ముందుగా లెక్క వేయలేదు.

దీనికి ఉపాయం లేదా? ఉంది. 1980లోనే ఫ్లోరిడాలో ఓడ గుద్ది ఒక వంతెన కూలింది. 35 మంది చనిపోయారు. తర్వాత అక్కడ కొత్త వంతెన కట్టారు. స్తంభాల చుట్టూ రాళ్ళ దిబ్బలు పోశారు. నీళ్ళలో కాంక్రీటు దిమ్మెలు కట్టారు. ఓడ వస్తే ముందు వాటికే తగులుతుంది. చేనుకు కంచె లాంటిదే ఇది. అమెరికాలో ఇంకా 68 వంతెనలకు ప్రమాదం ఎంతో లెక్క చూడాలని 2025లో అధికారులు చెప్పారు.

అక్కలారా, ఆలోచించండి. మన వాళ్ళు కూడా వంతెనల మీద, రోడ్ల మీద కూలికి పోతారు. ప్రమాదం వస్తే వాళ్ళకు కబురు చెప్పేది ఎవరు? ఎటు పరుగెత్తాలి? పనిలోకి దిగే ముందే మేస్త్రీని అడగాలి. అడగడం తప్పు కాదు. అది మన హక్కు.